ప్రహ్లాదుడి నాన్న, పక్క సీట్లో నాన్న

తెలుగువాళ్లు తీసిన మొదటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’లో కొడుకు తండ్రి ముచ్చట తీర్చడానికి తన పెళ్లినీ రాజ్యాన్నీ వదిలేసుకుంటాడు. మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో కొడుకు తండ్రి మాట చచ్చినా వినడు, కొండ మీంచి తోయించినా, ఏనుగులతో తొక్కించినా వినడు. మూకీ 1921 నాటిది. టాకీ 1932 ఫిబ్రవరిలో విడుదలైంది. తెలుగు సినిమా పుట్టీ పుట్టగానే పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: కన్నవాళ్ల మాట ఎంతవరకు వినాలి? ఆ మూకీ తయారైన తీరులోనూ ఇదే కథ ఉంది. బందరు నుంచి మద్రాసు చేరి ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య నాయుడు, కదిలే బొమ్మల మీద మోజుతో సినిమా హాళ్లు కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండుకు పంపాడు. ఆ కొడుకు తిరిగొచ్చి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. తండ్రి కోరిక తీర్చిన కొడుకు తీయడానికి ఎంచుకున్నది తండ్రి కోరిక తీర్చిన కొడుకు కథనే.

వెంకయ్యలా సినిమా పిచ్చి ఉన్న నాన్నలకు ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెంలోనూ కరువు లేదు. పొగాకు వేలం కేంద్రాలు, మొక్కజొన్న, పామాయిల్ తోటలు, ఏజెన్సీ ఊళ్ల నుంచి జనాన్ని దించే బస్సులు, ఆటోలు... ఈ మెట్ట పట్నంలో పని పొద్దున్నే మొదలై రాత్రిదాకా సాగుతుంది. అందులోంచి ఒక పూట మిగుల్చుకుని పెళ్లాం పిల్లలతో హాలుకెళ్లే నాన్న వీధికొకడైనా ఉంటాడు. మామూలు సినిమా అయితే టికెట్టు రేటు, పిల్లల పరీక్షలు, మర్నాటి పని, అన్నీ చూసుకుంటాడు. దేవుడి సినిమా అయితే ఏ లెక్కా ఉండదు. మంగళవారం గుర్వాయిగూడెం వెళ్లి మద్ది ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేసినట్టే, వీలు చిక్కినప్పుడు ద్వారకా తిరుమల చిన వెంకన్నను చూసొచ్చినట్టే, ఇదీ ఒక దర్శనం. ఇంట్లో పెంపకం కూడా సినిమా భాషలోనే నడుస్తుంది. మాట వినని కొడుకు ప్రహ్లాదుడు, పళ్లెం ముందు నుంచి లేవనివాడు ఘటోత్కచుడు, అలిగి తలుపేసుకున్న కూతురు సత్యభామ. ఆ ఇంటి ఇల్లాలు కూడా ఏమీ తక్కువది కాదు. “మీ నాన్న చేతికి రిమోటొచ్చిందంటే హిరణ్యకశిపుడికి వరమొచ్చినట్టేరా, ఇక పగలూ లేదు, రాత్రీ లేదు” అనేస్తుంది.

2025 జులై 25న ‘మహావతార్ నరసింహ’ వచ్చినప్పుడు పిల్లలే పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని హాళ్లకు లాక్కెళ్లారు. యానిమేషన్ సినిమా, పేరున్న హీరో లేడు, కటౌట్ లేదు. అయినా తెలుగునాట హాళ్లు నిండాయి. అలాంటి సినిమా చూసి బండి మీద ఇంటికొస్తుంటే, ముందు ట్యాంకు మీద కూర్చున్న పిల్లాడు ఏమడుగుతాడో పిల్లలున్న ఎవరికైనా తెలుసు.

“నాన్నా, ప్రహ్లాదుడు వాళ్ల నాన్న మాట వినలేదు కదా. మరి దేవుడు వాణ్ణి కొట్టలేదేం?”

“వాళ్ల నాన్న చెడ్డోడు కదరా.”

“మరి నువ్వు మంచోడివేనా?”

వెనక నుంచి తల్లి అందుకుంటుంది: “చెప్పండి, నిదానంగా ఆలోచించుకునే చెప్పండి.”

నవ్వొచ్చే మాటే. కానీ ఆ పిల్లాడు అడిగింది ధర్మశాస్త్రాలు తల పట్టుకున్న ప్రశ్న. తల్లిని, తండ్రిని దేవుడిగా చూడమని ఉపనిషత్తు చెబుతుంది. దేవుడి కోసం తండ్రిని ధిక్కరించిన పిల్లవాణ్ణి భాగవతం భక్తుల్లో ముందు వరసలో కూర్చోబెడుతుంది. రెండూ మన గ్రంథాలే. రెండింటినీ మన ఇళ్లలో ఒకే పీట మీద పెట్టి పూజ చేస్తారు. పురాణ సినిమాకి పిల్లల్ని తీసుకెళ్లే నాన్న వాళ్లకు భక్తి నేర్పుతున్నానని అనుకుంటాడు. నిజానికి ఆయన తన మీద విచారణ జరిగే చోటుకి తానే టికెట్లు కొని తీసుకెళ్తున్నాడు. ఆ విచారణకు నిలబడగలడా లేదా అన్నదాన్ని బట్టే ఆ సినిమా ఆ ఇంట్లో దర్శనమవుతుంది, లేకపోతే రెండున్నర గంటల కాలక్షేపమవుతుంది.

హిరణ్యకశిపుడు చెడ్డోడన్న జవాబుతో నాన్న తప్పించుకోలేడు. భాగవతం సప్తమ స్కంధం తెరిచి చూస్తే ఆ తండ్రి మొదట రాక్షసుడిలా కనపడడు, మన వీధిలో నాన్నలా కనపడతాడు. బడి నుంచి వచ్చిన కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నేర్చుకున్న వాటిలో నీకు బాగా నచ్చిందేమిటో చెప్పమని ముద్దుగా అడుగుతాడు. కొడుకు హరి పేరెత్తితే ముందు నవ్వేస్తాడు. ఆ తర్వాత ఆయనకొచ్చిన అనుమానం చూడండి: మావాడు మంచోడే, బయటివాళ్లెవరో పాడుచేస్తున్నారు. విష్ణుభక్తులెవరూ మారువేషాల్లో వచ్చి పిల్లాడి మనసు విరిచేయకుండా కాపలా కాయమని గురువులకు చెప్పి పంపుతాడు. ఈ రోజున స్నేహితుల మీద, సెల్‌ఫోన్ మీద తోసే నేరాన్ని ఆయన మారువేషగాళ్ల మీద తోశాడు. రెండోసారి కూడా కొడుకు అదే పాట పాడితే, ఏం చదువు చెబుతున్నారంటూ పంతుళ్ల మీద విరుచుకుపడతాడు. పాపం ఆ పంతుళ్లు, శుక్రాచార్యుల కొడుకులైన చండామార్కులు, ఇది మేం చెప్పింది కాదు మహాప్రభో, ఎవరూ చెప్పింది కాదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి అని మొత్తుకుంటారు. ప్రైవేటు స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్లొచ్చిన ఏ నాన్నకైనా ఈ సన్నివేశం కొత్త కాదు.

ఇంకో సంగతి ఉంది. ఆ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో ప్రహ్లాదుడే తోటి పిల్లలకు చెబుతాడు; పంతుళ్లు ఇంటి పనుల మీద అటు వెళ్లినప్పుడు, ఆటవిడుపు వేళ. కొడుకు కడుపులో ఉన్నప్పుడు తండ్రి ఇంట్లో లేడు. చావు లేని వరం కోసం మందరగిరి మీద తపస్సు చేసుకుంటున్నాడు. ఇంద్రుడు తల్లి లీలావతిని ఎత్తుకుపోతుంటే నారదుడు అడ్డుపడి, ఆశ్రమంలో ఉంచి కాపాడి, ఆమెకు మంచి మాటలు చెప్పాడు. కడుపులో బిడ్డ ఆ మాటలు విన్నాడు. తండ్రి లోకాలన్నీ గెలిచే పనిలో పడి ఇల్లు పట్టించుకోని రోజుల్లోనే కొడుకు తయారైపోయాడు. దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో సంపాదించి నాలుగేళ్లకు ఇల్లు చేరి, పిల్లాడు తన మాట వినడం లేదేమిటని ఆశ్చర్యపోయే నాన్నలు మెట్టలోనూ ఉన్నారు, డెల్టాలోనూ ఉన్నారు.

హిరణ్యకశిపుడు కోరిన వరంలోనే అసలు చిక్కు ఉంది. మన సంప్రదాయంలో కొడుకు తండ్రికి కొనసాగింపు. తండ్రి వెళ్లిపోతాడు, కొడుకు నిలబడతాడు, తర్పణం వదులుతాడు. చావే వద్దనుకున్న తండ్రికి ఆ కొనసాగింపుతో పని లేదు. అలాంటివాడికి కొడుకు వారసుడిగా అక్కర్లేదు, నీడగా ఉంటే చాలు. నీడ మాట్లాడకూడదు, అందులోనూ ఎదురు మాట్లాడకూడదు. ‘నా ఇంట్లో ఉన్నంతకాలం నా మాటే’ అనే ప్రతి నాన్నలోనూ ఆ వరం కోరిక కాస్త ఉంటుంది. చెడ్డతనం అక్కడ మొదలవుతుంది. గద, మీసం, అట్టహాసం ఆ తర్వాతి మాట.

1967లో ఏవీఎం వాళ్లు తీసిన ‘భక్త ప్రహ్లాద’లో ఎస్.వి. రంగారావు ఇదంతా చేసి చూపించాడు. ఆయన పుట్టింది నూజివీడులో. ఆ ఊరు 2022 నుంచి ఏలూరు జిల్లాలోనే ఉంది. బాలనటి రోజారమణి ప్రహ్లాదుడు, అంజలీదేవి లీలావతి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు. పసివాణ్ణి చంపమని ఆజ్ఞ ఇచ్చే రాక్షసరాజు గొంతులో ఆ పిల్లవాడి తండ్రి కూడా వినపడతాడు. ఆ బరువు వల్లే ఆ వేషం ఇన్నేళ్లు నిలిచింది. రంగారావు ఆ తర్వాత ‘తాత మనవడు’లో కొడుకు ఆదరణ కరువైన ముసలివాడిగా వేసి అవే కళ్లతో జనాన్ని ఏడిపించాడు. సింహాసనం మీద కూర్చున్న తండ్రి, వాకిట్లో కూలబడ్డ తండ్రి, రెండూ ఒకే నటుడు. ఈ రెండు సినిమాలనూ ఒకే వారంలో పిల్లలకు చూపించే నాన్న ఉంటే ఆయనకు దండం పెట్టాలి.

ఇక ప్రహ్లాదుడి సినిమాలు సాధారణంగా స్తంభం బద్దలై, నరసింహుడు ఉగ్రుడై, జయజయధ్వానాలతో ముగుస్తాయి. పిల్లలు ఆ గర్జనను గుండెల్లో పెట్టుకుని హాలు నుంచి బయటికొస్తారు. కానీ భాగవతంలో కథ ఇంకా ఉంది, అసలు ముఖ్యమైన చోటు అదే. వరం కోరుకోమని స్వామి అడిగితే ప్రహ్లాదుడు తన కోసం ఏదీ అడగడు. మా నాన్న తెలియక నిన్ను నిందించాడు, ఆ పాపం నుంచి ఆయన్ను విడిపించమంటాడు. నీలాంటి కొడుకు పుట్టడంతోనే మీ నాన్నతో పాటు ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయి పొమ్మంటాడు స్వామి. ఆ తర్వాత, వెళ్లి నీ తండ్రికి చెయ్యాల్సిన కర్మ చెయ్యమని పంపుతాడు. తండ్రిని ఎదిరించిన కొడుకే తండ్రికి కొడుకుగా మిగిలాడు. ట్యాంకు మీద కూర్చున్న పిల్లాడికి చెప్పాల్సింది ఇది. మాట వినకపోవడం ఒకటి, విడిచిపెట్టడం ఇంకొకటి. ప్రహ్లాదుడు మొదటిది చేశాడు, రెండోది చేయలేదు. ఈ ముక్క నాన్నలే చెప్పాలి. హాల్లో లైట్లు వేసే తొందరలో సినిమా దీన్ని చెప్పకుండా వదిలేయవచ్చు.

ఈ జిల్లాలోనే ఇలాంటి కొడుకు ఒకడున్నాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1908లో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాద్‌కి చదువు కన్నా నాటకాలంటే, తెర బొమ్మలంటే పిచ్చి. చిన్నతనంలోనే మేనమామ కూతురితో పెళ్లయింది, బిడ్డ పుట్టింది. తండ్రి అప్పుల్లో కూరుకుపోయి, ఇక మిమ్మల్ని పోషించలేనన్నాడు. ఒకరోజు ప్రసాద్ వంద రూపాయలు జేబులో పెట్టుకుని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బొంబాయి వెళ్లిపోయాడు. చిల్లర పనులు చేశాడు, చిన్నచిన్న వేషాలు వేశాడు. హిందీలో మొదటి టాకీ ‘ఆలం ఆరా’లో ఉన్నాడు, ‘కాళిదాస్’లో ఉన్నాడు, తెలుగు ‘భక్త ప్రహ్లాద’లోనూ ఉన్నాడు. చివరి దాంట్లో ఆయన వేషం చండామార్కుల బడిలో మొద్దు శిష్యుడిది. ఇంటి నుంచి చెప్పకుండా వచ్చేసిన కుర్రవాడు, తండ్రిని ధిక్కరించిన ప్రహ్లాదుడి పక్క బెంచీలో కూర్చున్నాడన్నమాట. ఆ తర్వాత అతను ఇంటికి తిరిగెళ్లాడు, భార్యను బొంబాయి తెచ్చుకున్నాడు. ఆ కుర్రవాడే ఎల్.వి. ప్రసాద్. ‘సంసారం’, ‘పెళ్లి చేసి చూడు’, ‘మిస్సమ్మ’ తీసి, సంసారాన్ని ఎలా నవ్వుతూ మోయాలో తెలుగు ఇళ్లకు చూపించింది ఆయనే. 1982లో ఫాల్కే పురస్కారం వచ్చింది. హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి ఆయన పేరు మీదే ఉంది. ఇల్లు విడిచి వెళ్లినవాడు ఇల్లంటే ఏమిటో అంత బాగా తీశాడంటే, ఇంటి విలువ వెళ్లినవాడికి ఇంకాస్త తెలిసి ఉంటుంది.

తెర మీద దేవుడు దేవుడేనా అన్న సందేహం కూడా ఇక్కడే తీర్చుకోవాలి. 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ ఆడినప్పుడు హాళ్ల దగ్గర స్వామి విగ్రహం పెట్టి హుండీ కూడా ఉంచారని పెద్దవాళ్లు చెబుతారు. తిరుపతి వెళ్లిన యాత్రికుల బస్సులు మద్రాసు మీదుగా మళ్లి స్వామి వేషం వేసిన ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి. 1987, 88ల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో ‘రామాయణ్’ వస్తుంటే టీవీ పెట్టెలకు దండలు వేశారు. 2023 జూన్‌లో ‘ఆదిపురుష్’ విడుదలైనప్పుడు ప్రతి హాల్లో ఒక సీటు హనుమంతుడి కోసం ఖాళీగా ఉంచుతామని నిర్మాతలే ప్రకటించారు. వీటిని మూఢత్వమని తోసేసేవాళ్లకు జంగారెడ్డిగూడెం పక్కనే ఎర్రకాలువ దగ్గరున్న గుడి కథ చెప్పాలి. మద్ది స్వామి స్థలపురాణంలో మధ్వాసురుడనే రాక్షసుడు రావణుడి సైన్యంలో ఉంటూనే హనుమను ధ్యానించాడు. మరో యుగంలో కౌరవుల పక్క నిలబడి అర్జునుడి జెండా మీద హనుమ బొమ్మ చూశాడు. గుడ్డ మీద బొమ్మ అది. దాన్ని చూసి స్వామినే చూసినట్టు కరిగిపోయాడు. చివరకు తానే మద్దిచెట్టై స్వామికి నీడనిచ్చాడు. జెండా బొమ్మకు ఉన్న శక్తి తెర బొమ్మకు ఎందుకు ఉండకూడదు? గుడ్డా, వెండితెరా, రాయా అన్నది కాదు సంగతి. చూసినవాడు ఆ తర్వాత ఏమయ్యాడన్నదే సంగతి.

‘లవకుశ’ దగ్గరకొచ్చేసరికి నాన్నకు అసలు పరీక్ష మొదలవుతుంది.

తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా ‘లవకుశ’ 1963 మార్చి 29న విడుదలైంది. పల్లెల నుంచి జనం ఎడ్లబళ్లు కట్టుకుని పట్నాలకు వచ్చి చూశారు. దాని వెనకా తండ్రీకొడుకులే ఉన్నారు. కాకినాడ చిత్తజల్లు పుల్లయ్య 1934లో ఒకసారి ‘లవకుశ’ తీశాడు. పాతికేళ్ల తర్వాత రంగుల్లో మళ్లీ మొదలుపెట్టాడు. డబ్బు అందక చిత్రం ఏళ్ల తరబడి ఆగింది, ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మిగిలింది కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశాడు. తండ్రి ఎవరో తెలియని కొడుకుల కథను ఒక తండ్రి మొదలుపెడితే ఒక కొడుకు ముగించాడు. సినిమాలో కొడుకుల తండ్రి ఎవరో చూసేవాళ్లకు తెలుసు, కొడుకులకే తెలియదు; అందుకే పిల్లలు ఆ సినిమాను అంత ఊపిరి బిగబట్టి చూస్తారు.

అందులో అందరూ నవ్వే ఘట్టం చాకలివాడి ఇంటి గొడవ. రేలంగి, గిరిజ ఉన్న ఆ మొగుడూ పెళ్లాల తగువు చూసి హాలంతా పడిపడి నవ్వుతుంది. ఆ నవ్వు ఆగకముందే ఆ ఇంటి మాట రాజుగారి చెవిన పడుతుంది, సీత అడవి పాలవుతుంది. ఒక ఇంట్లో మొగుడు నోరు జారిన మాట ఇంకో ఇంటి ఇల్లాలి మెడకు చుట్టుకుంది. సంసారపు హాస్యంలోంచి అంత పెద్ద ధర్మసంకటం పుట్టించడం పుల్లయ్య గడుసుతనం. ఆ రేలంగి స్థిరపడింది తాడేపల్లిగూడెంలోనే. అక్కడ తన పేరు మీద సినిమా హాలు కట్టించాడు, 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. రేలంగి చిత్రమందిరంలో సినిమా చూసిన కుటుంబాలు గోదావరి జిల్లాల్లో ఎన్నో.

ఈ సినిమా చూసిన ఆడపిల్ల అడిగే ప్రశ్న ఒకటే. “నాన్నా, సీతమ్మ తప్పు చేయలేదని రాముడికి తెలుసు కదా. మరి ఎందుకు పంపేశాడు?”

నాన్నల దగ్గర మూడు నాలుగు జవాబులుంటాయి. రాజధర్మమని, లోకం కోసమని, అవతార రహస్యమని. పిల్ల వాటిలో దేనికీ లొంగదు. “మరి అమ్మను ఎవరైనా ఏమన్నా అంటే నువ్వూ పంపేస్తావా?” అంటుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు నాన్న చివరి జవాబు తీస్తాడు: “అది సినిమారా తల్లీ.”

కాసేపటి కిందట సినిమా హాల్లో సీత భూమిలోకి దిగిపోతుంటే తువ్వాలుతో కళ్లొత్తుకున్న మనిషి ఆయనే. ఏడ్చేటప్పుడు నిజమైనది, అడిగేసరికి సినిమా ఎలా అయిపోతుంది?

ఈ తప్పించుకోవడాన్ని ఎనిమిదో శతాబ్దంలోనే ఒక కవి పట్టుకున్నాడు. భవభూతి ‘ఉత్తరరామచరితం’ ఏడో అంకంలో వాల్మీకి ఒక నాటకం రాసి, గంగ ఒడ్డున రాముడి ముందు ఆడిస్తాడు. ఆడేవాళ్లు అప్సరసలు, ఆడించేది భరతముని. కథ రాముడిదే. అడవిలో వదిలేసిన సీత, ప్రసవ వేదన, గంగలో పడిపోవడం, భూదేవీ గంగా ఇద్దరూ పసికందులతో ఆమెను పైకి తేవడం, అన్నీ ప్రేక్షకుల్లో కూర్చున్న రాముడి కళ్ల ముందే జరుగుతాయి. రాముడు తట్టుకోలేక లేచిపోబోతాడు, కూలబడతాడు. పక్కనున్న లక్ష్మణుడు అన్నయ్యకు గుర్తుచేస్తాడు, ఇది నాటకమని. అచ్చం మన నాన్న జవాబే! కానీ భవభూతి రాముణ్ణి ఆ జవాబుతో వదిలిపెట్టడు. మూర్ఛపోయిన రాముణ్ణి లేపడానికి రంగస్థలం మీద సీత కాదు, సాక్షాత్తు సీతే వస్తుంది. వాల్మీకి కొడుకులిద్దర్నీ తెచ్చి ముందు నిలబెడతాడు. నాటకం చూస్తూ ఏడ్చిన మనిషి, నాటకం అయ్యేసరికి భార్యకూ పిల్లలకూ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

మొదటి అంకంలోనూ ఇలాంటిదే ఒకటుంది. గోడ మీద తమ వనవాసం బొమ్మలు చూస్తూ శూర్పణఖ దగ్గరకొచ్చేసరికి సీత బెదిరిపోతుంది. రాముడు నవ్వి, బొమ్మే కదా అంటాడు. ఆ సాయంత్రానికే ఆమెను అడవికి పంపే నిర్ణయం అయిపోతుంది. బొమ్మే కదా అని ఊరడించినవాడు, ఏడో అంకంలో బొమ్మకే కూలిపోయాడు. ఇంతకన్నా కఠినంగా, ఇంతకన్నా ప్రేమగా ఒక భర్తను అడిగిన కవి మన వాఙ్మయంలో అరుదు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో అయితే తండ్రీకొడుకుల మధ్య యుద్ధమే లేదు. కొడుకులిద్దరూ సభలో తండ్రి కథే తండ్రికి పాడి వినిపిస్తారు. తన కథను తన పిల్లల నోట, వాళ్లు తన పిల్లలని తెలియకుండా విన్న మొదటి శ్రోత రాముడు. సభలో రాజుగా కూర్చున్నవాడు ఆ పాట విన్నాక తండ్రిగా లేచాడు.

అబద్ధమని తెలిసిన దాన్నుంచి నిజం ఎలా పుడుతుందన్న అనుమానాన్ని శంకరాచార్యులు కూడా ఎత్తుకున్నారు. బ్రహ్మసూత్రాలకు రాసిన భాష్యంలో కలను చూపిస్తారు. కలలో పాము కరిచింది, నదిలో స్నానం చేశాడు. మెలకువ వచ్చాక పామూ అబద్ధమే, నదీ అబద్ధమే. కానీ చూశానన్న తెలివిడి మాత్రం మెలకువతో కొట్టుకుపోదు. అది మిగులుతుంది. పొగాకు బేరన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునే రైతుకు అర్ధరాత్రి పీడకల వచ్చి ఉలిక్కిపడి లేచాడనుకుందాం. కల అబద్ధమే, లేచి మంట చూసుకోవడం మాత్రం నిజమే. హాల్లో కార్చిన కన్నీరు అలాంటిదే. అది సీత కోసమే కారింది కాబట్టి ఇంట్లో సీత గురించి అడిగినప్పుడు లెక్క చెప్పాలి.

తెర మీద కథ ఎవరిది అన్న పేచీ కూడా పాతదే. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో భరతుడు తన వందమంది కొడుకులకూ నాట్యం నేర్పి, ఇంద్రధ్వజోత్సవంలో దేవతలు రాక్షసుల్ని ఓడించిన కథ ఆడిస్తాడు. కొత్త విద్య, కొత్త నటులు, అందరూ ఒకే ఇంటి పిల్లలు. చూస్తున్న రాక్షసులకు మండింది. నటుల మాట, నడక, జ్ఞాపకం, అన్నీ స్తంభింపజేసేశారు. బ్రహ్మ పిలిచి అడిగితే, నువ్వు చేసిన ఈ విద్య మమ్మల్ని అవమానిస్తోందన్నారు. అప్పుడు బ్రహ్మ, ఇది దేవతలదీ కాదు, మీదీ కాదు, మూడు లోకాల్లో మనుషుల తీరూతెన్నూ చూపించేదని సర్దిచెప్పాడు. హిరణ్యకశిపుడు వచ్చి కూర్చున్నా తన కథ తాను చూసుకోగలగాలి. అందుకే రంగారావు హిరణ్యకశిపుడు మనకు అంత దగ్గరివాడయ్యాడు. హాల్లో ఆ సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ప్రతి వరసలోనూ ఒక నాన్న కూర్చుని ఉంటాడు.

అయితే ప్రతి సినిమా నాన్నను ఇంత గట్టిగా నిలదీయదు. ‘మాయాబజార్’ చూడండి. 1957 మార్చి 27న వచ్చిన ఆ సినిమాలో పాండవులు ఒక్క చోటా కనపడరు. మహాభారతం కథలోంచి పాండవుల్ని తీసేస్తే మిగిలేది అచ్చంగా ఒక పెళ్లి గొడవ. పిల్లను అభిమన్యుడికిస్తామని మాటిచ్చిన బలరాముడు, అటువైపు ఆస్తి పోగానే, భార్య రేవతి పోరుతో కౌరవుల సంబంధానికి తలూపుతాడు. శశిరేఖ ఏడుస్తుంది. మాటిచ్చిన తండ్రి పెద్దమనిషే, కోపం వచ్చినా నిలవని మంచివాడే. కానీ కూతుర్ని అడగడం మర్చిపోయాడు. పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడు మన తాడేపల్లిగూడెం రేలంగే. కృష్ణుడు ఎవర్నీ శిక్షించకుండా, కనికట్టుతో, నవ్వులతో ఆ తండ్రికి బుద్ధి తెప్పిస్తాడు. పెళ్లివాళ్ల విందంతా ఒంటరిగా తినేసిన ఘటోత్కచుడు కూడా అమ్మ హిడింబి మాట జవదాటనివాడే. తండ్రి తప్పును ఇంటిల్లిపాదీ కలిసి సరిదిద్దినట్టుంటుంది ఆ సినిమా. పిల్లలు తండ్రిని ఎదిరించడమే ఎప్పుడూ దారి కాదు, కొన్నిసార్లు అభిమన్యుడికి కృష్ణుడిలా మేనమామ పక్కనుంటే చాలు. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో మేనమామకున్న చోటు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

పండగపూట టీవీలో ఈ సినిమా వస్తే, మెట్ట ఇళ్లలో ఎవరూ ఛానెల్ మార్చరు. చెరకు ముక్కలు నములుతూ, జంతికలు కొరుకుతూ మూడు తరాలూ కూర్చుంటాయి. బలరాముడు మాట తప్పే చోట తాతగారు అల్లుడి వంక చూస్తాడు, అల్లుడు తెర వంక చూస్తాడు. ఇంటర్‌లో ఉన్న అమ్మాయి అప్పుడే అందుకుంటుంది.

“నాన్నా, నాక్కూడా నన్నడక్కుండా సంబంధం ఖాయం చేసేస్తావా?”

నాన్న ఈసారి అది సినిమా అనడు. “అడక్కుండా ఎందుకు చేస్తానమ్మా? అడిగే చేస్తాను” అంటాడు.

“అడిగాక నేను వద్దంటే?”

ఆయన ఆలోచిస్తుంటే తల్లి జంతికల పళ్లెం ముందుకు తోస్తుంది. “వద్దంటే మానేస్తాడు. మా నాన్న మానేసుంటే ఈ ఇంట్లో ఈ గోలంతా ఉండేది కాదు. ముందు నువ్వు మ్యాథ్స్ రెండో పేపరు గట్టెక్కు, సంబంధాల సంగతి తర్వాత చూద్దాం.”